గుమాస్తా కబుర్లు: తాతగారి బ్రాకెట్లు



కిందటి నెల ఈ శీర్షికలో ఆఫీసు ఫైళ్ళు కట్టే విధానం గురించి వ్రాసి, పైనెల మా ఇంటి సంగతి ఒకటి చెబుతానని మాట ఇచ్చాను. ఇచ్చిన తరువాత నాలుగు రోజులు వెనకా ముందూ ఆడాను. ఏమంటే, ఇందులో తప్పు పూర్తిగా నాది. నా చేతి పని వల్ల ఒక ఆడపిల్ల ఎనిమిది నెలలు మాట పడింది. అయినా మన సంఘంలో వంశవృక్షాలు వ్రాయించుకుంటున్న ఇళ్ళు చాలా ఉన్నాయి. వారికైనా ఈ పాటు తప్పుతుందేమోనని వ్రాస్తున్నాను.

మా ఇంట్లో మా తాతగారి చిట్టా పుస్తకం ఒకటి ఉంది. ముందు వైపు నుంచి తెరిస్తే జమాఖర్చులు, వెనక వైపు నుంచి తెరిస్తే మా వంశం. కాగితం ఖరీదు ఎరిగిన మనిషి గనుక ఆయన ఎక్కడా చోటు వృథా చేయలేదు. ఎడమ అంచున మొదలు పెట్టి కుడి అంచు దాకా, మళ్ళీ కింది వరుస, ఇలా పదకొండు పేజీలు నింపారు. మనిషి పేరుకు ముందు ఒక బ్రాకెట్టు తెరుస్తారు, పేరు వ్రాస్తారు. ఆ వెంట ఆ మనిషి బిడ్డలు, ఒక్కొక్కరికీ మళ్ళీ ఒక బ్రాకెట్టు. బిడ్డలందరూ అయిపోయిన తరువాత మొదటి బ్రాకెట్టు మూస్తారు. పేర్లు మార్చి, బాగా కుదించి చూపిస్తాను:

(ముత్తయ్య (పెద్దయ్య (రామయ్య) (లింగయ్య)) (నడిపయ్య (సుబ్బయ్య (కొండయ్య) (చెంచయ్య)) (గంగయ్య)) (చిన్నయ్య))

చూశారు గదా! ఇందులో తప్పు లేదు. కాని చదవబోతే కళ్ళు తిరుగుతాయి. ఇలాటివి పదకొండు పేజీలు.

మా బంధువర్గంలో తెలుగు మాట్లాడని ఇల్లు లేదు. తెలుగు అక్షరం చదవగలిగిన వారు మాత్రం ఏటేటా తగ్గిపోతున్నారు. హోసూరులో మా వరకు ఫరవాలేదు. సేలం వైపు వెళ్ళిన శాఖలో బడి చదువంతా తమిళం. అంచేత మూడేళ్ళ క్రిందట నేనే పూనుకుని ఆ పదకొండు పేజీలను తమిళ లిపిలో టైపు చేశాను. తాతగారి తరువాత పుట్టిన వారిని, ఇళ్ళకు ఫోనులు చేసి కనుక్కుని, నోటుపుస్తకంలో వ్రాసుకుని నేనే చేర్చాను. ఆఫీసులో షెడ్యూళ్ళు టైపు చేసి చెయ్యి తిరిగిన వాడిని. తండ్రి పేరు అంచుకు, కొడుకులను అర అంగుళం లోపలికి, మనుమలను మరి అర అంగుళం లోపలికి, మెట్లు మెట్లుగా దించాను. మెట్లు ఉండగా బ్రాకెట్లు ఎందుకు, చూడడానికి అసహ్యం అని వాటిని తీసివేశాను. పదిమందీ మెచ్చుకున్నారు. నకళ్ళు తీయించి అందరి ఇళ్ళకూ పంపాను.

తరువాత కొంతకాలానికి మా పెదనాన్నగారి మనుమరాలికి, అంటే నాకు అన్న కూతురికి, సేలం నుంచి ఒక సంబంధం వచ్చింది. అబ్బాయి బుద్ధిమంతుడు, ఉద్యోగస్థుడు. వాళ్ళ గోత్రం వేరు. అబ్బాయి తల్లి మాత్రం మా వంశపు ఆడపడుచే, ఐదారు తరాల వెనక విడిపోయిన శాఖ. పాత బంధుత్వం మళ్ళీ కలుస్తుందని ఇరువైపులా సంతోషించారు. తాంబూలాల దాకా వచ్చిన తరువాత అబ్బాయి తాతగారు వరస చూద్దామని నా టైపు కాగితం ముందు పెట్టుకుని వేలితో మెట్లు లెక్క పెట్టారు. అబ్బాయి తల్లి ఏ మెట్టు మీద ఉన్నదో మా పిల్లా అదే మెట్టు మీద ఉన్నది. "తల్లికి చెల్లెలు వరస అయ్యే పిల్లను మనుమడికి ఎలా చేసుకుంటాం? వాడికి పిన్ని అవుతుందే" అన్నారు.

ఆ మాటతో సంబంధం ఆగిపోయింది. ఆ పెద్దమనిషి తప్పుగా ఏమీ అనలేదు, కాగితంలో ఉన్నదే అన్నారు. కాని పిన్ని వరస అని తెలిసీ మాటలు నడిపారని మా వాళ్ళను నలుగురూ నాలుగు విధాలుగా అన్నారు. పిల్ల చెవిని పడకుండా ఉంటుందా?

ఇంతలో ఒక ఆదివారం మా అక్క కూతురు బెంగుళూరు నుంచి వచ్చింది. అక్కడ ఎం.సి.ఎ. చదువుతున్నది. కంప్యూటరు అభ్యాసానికి ఏదైనా పెద్ద జాబితా కావాలట. "ఒట్టి జాబితా కాదు మామా, జాబితాలో జాబితా, దానిలో మళ్ళీ జాబితా ఉండాలి" అన్నది. అట్లాంటిది మన ఇంట్లో ఏముందమ్మా అంటూనే చిట్టా పుస్తకం తీసి వెనక వైపు చూపించాను. ఆ పిల్లకు తెలుగు అక్షరాలు కూడబలుక్కుంటే గాని రావు. అయినా పేజీ చూడగానే ఒక్కసారి నవ్వింది.

"మామా, ముత్తాత లిస్ప్ వ్రాశాడు!"

నాకు బొత్తిగా అర్థం కాలేదు. ఆమె చెప్పిన దానిని నాకు తెలిసినంతలో విన్నవిస్తాను, చిత్తగించండి.

లిస్ప్ అనేది కంప్యూటరుకు పని చెప్పే భాషలలో ఒకటి. అమెరికాలోని మసాచుసెట్స్ సాంకేతిక విద్యాలయంలో జాన్ మెకార్తీ అనే గణిత పండితుడు 1958లో దానిని ఆరంభించి, 1960లో ప్రకటించిన వ్యాసంలో లోకానికి చూపాడు. జాబితాలతో పని నడపడం అనే అర్థం వచ్చే ఇంగ్లీషు మాటలను కుదిస్తే ఆ పేరు వచ్చింది. మన హోసూరు కార్ఖానాలలో యంత్రభాగాల నక్షాలు గీసే వారు వాడే ఆటోక్యాడ్‌లో కూడా దాని సంతతి ఒకటి ఆటోలిస్ప్ అనే పేరుతో ఉన్నది.

ఆ భాషకు వ్యాకరణం బహు కొద్ది. విడి మాట ఒకటి, బ్రాకెట్టులో పెట్టిన జాబితా ఒకటి. జాబితా లోపల మళ్ళీ జాబితా ఉండవచ్చు. సమాచారమైనా బ్రాకెట్టే, యంత్రానికి ఇచ్చే ఆజ్ఞ అయినా బ్రాకెట్టే. రెండింటికీ ఒకే రూపం గనుక, లిస్ప్‌లో వ్రాసిన ఒక ప్రోగ్రాము మరొక ప్రోగ్రామును జాబితాగా చదవగలదు, దిద్దగలదు, తిరిగి వ్రాయగలదు. మనుష్యులు చదువుకోవడానికి వేరే సుళువైన వ్రాత ఒకటి ఉంటుందని మెకార్తీ మొదట అనుకున్నాడు. పని చేసేవారు మాత్రం ఈ బ్రాకెట్లకే అలవాటు పడిపోయారు. ఆ రెండవ వ్రాత వాడుకలోకి రానే లేదు.

బ్రాకెట్లు మరీ ఎక్కువని గిట్టనివారు ఆ భాషను ఎగతాళి చేస్తారట. కాని యంత్రానికి వాటితో ఏ కష్టమూ లేదు. తెరిచినప్పుడల్లా ఒకటి కూడి, మూసినప్పుడల్లా ఒకటి తీసివేస్తే, తాను ఎన్నో అంతస్తులో ఉన్నదో దానికి తెలుస్తుంది. వరుస ఎక్కడ విరిచినా, ఎంత ఖాళీ వదిలినా దానికి ఒకటే. కష్టమల్లా మన కంటిది. మన కన్ను బ్రాకెట్లు లెక్కించదు, అంచు చూస్తుంది. ఏది ఎంత లోపలికి జరిగి ఉన్నదో చూసి, ఏది దేని కిందిదో ఊహించుకుంటుంది.

అంచేత లిస్ప్ పుట్టిన పదేళ్ళ లోపుననే, బ్రాకెట్లను చూసి మెట్లు కట్టే పనిని యంత్రానికే అప్పగించారు. 1967 ప్రాంతంలో బిల్ గాస్పర్ అనే ఆయన వ్రాసిన ప్రోగ్రాము అటువంటి వాటిలో మొదటి తరానిది. ఆ పనిని అప్పట్లో గ్రైండ్ చేయడం అన్నారు, అంటే విసరడం. ఇప్పుడు స్థిరపడిన పేరు ప్రెట్టీ ప్రింటింగ్, ముచ్చటైన ముద్రణ. వరుసను లోపలికి జరపడాన్ని వాళ్ళు ఇండెంటు అంటారు. మా ఆఫీసులో ఇండెంటు అంటే కాగితాలూ కలాలూ కోరుతూ పెట్టే చీటీ. అది పెట్టినా రాదు, ఇది పెట్టకపోయినా యంత్రమే పెడుతుంది. అదీ తేడా.

సరే, నేను చదువుతూ ఉంటే అమ్మాయి కొట్టింది. "తెరు, నడిపయ్య. తెరు, సుబ్బయ్య. తెరు, కొండయ్య, మూయి." ఇంగ్లీషు అక్షరాలు కొడితే తెలుగు పడే ఏర్పాటు ఉన్నది. తాతగారి పేజీలు అయిన తరువాత, తరువాతి తరాలను నా నోటుపుస్తకం చూసి ఎవరి బ్రాకెట్టులో వారిని చేర్చాము. భోజనాలైన వెంటనే కూర్చున్న వాళ్ళం, దీపాలు పెట్టే వేళకు ముగించాము. తెరిచినవీ మూసినవీ సరిపోయాయని యంత్రం ఒప్పుకున్నది. పదకొండు పేజీలలో తాతగారు ఒక్క బ్రాకెట్టు ఎక్కువ గాని తక్కువ గాని వ్రాయలేదు! నాకు ఒళ్ళు పులకరించింది. అమ్మాయి ఒకటి రెండు ఆజ్ఞలు సవరించి, ముచ్చటగా వేయమన్నది. తెర మీద ఇలా పడింది:

(ముత్తయ్య
 (పెద్దయ్య (రామయ్య) (లింగయ్య))
 (నడిపయ్య
  (సుబ్బయ్య (కొండయ్య) (చెంచయ్య))
  (గంగయ్య))
 (చిన్నయ్య))

చూస్తూ చూస్తూ నేను ఆగిపోయాను. సుబ్బయ్య, గంగయ్య ఒకే నిలువు మీద ఉన్నారు. అంటే అన్నదమ్ములు. లోపలికి వెళ్ళి నా టైపు కాగితం తెచ్చాను. అందులో ఇలా ఉన్నది:

నడిపయ్య
    సుబ్బయ్య
        కొండయ్య
        చెంచయ్య
        గంగయ్య

గంగయ్య ఒక మెట్టు జారాడు. సుబ్బయ్యకు తమ్ముడు కావలసిన వాడు కొడుకైనాడు.

చిట్టా పుస్తకం మళ్ళీ తీశాము. చెంచయ్య పేరు తరువాత రెండు బ్రాకెట్లు మూసి ఉన్నాయి. మొదటిది చెంచయ్యది, రెండవది సుబ్బయ్యది. అక్కడితో పేజీ అయిపోయింది. పేజీ తిప్పితే గంగయ్య. టైపు చేసిన నాడు నేను పేజీ తిప్పే తొందరలో ఆ రెండవ బ్రాకెట్టును చూడలేదు. జరిగిన తప్పు అర అంగుళం. ఆ అర అంగుళంతో గంగయ్య సంతతి యావత్తూ ఒక తరం కిందికి దిగింది. సేలం అబ్బాయి తల్లి గంగయ్య సంతతిది, మా పిల్ల సుబ్బయ్య సంతతిది. ఉన్నదున్నట్లు లెక్కిస్తే, అబ్బాయి తల్లీ మా పిల్ల తండ్రీ ఒకే తరం వారు, అన్నాచెల్లెళ్ళ వరస. అంటే అబ్బాయి మా పిల్లకు మేనత్త కొడుకు. పిన్ని కాదు, మరదలు!

నేను కుర్చీలో కూలబడ్డాను. అమ్మాయి నా ముఖం చూసి మెల్లగా అన్నది: "మామా, నువ్వు మెట్లు చేత్తో కట్టావు. చేత్తో కట్టిన మెట్టు అబద్ధం చెప్పగలదు. యంత్రం కట్టేది బ్రాకెట్లను బట్టి. అందుకే మేము మెట్లు కట్టుకోము, యంత్రం చేత కట్టిస్తాము. కట్టిన తరువాత మేము అనుకున్న ఆకారం రాలేదనుకో, ఎక్కడో బ్రాకెట్టు తప్పు వేశామని తెలుసుకుంటాము."

ఈ మాట నాకు బాగా నాటింది. నేను ఇన్నాళ్ళూ ఆ మెట్లను ఒక అలంకారమని అనుకున్నాను. అవి సాక్ష్యం. కాగితం మీద ఉన్న అర్థం ఇదీ అని మన కంటికి చూపే సాక్ష్యం. సాక్షి తన కళ్ళతో చూసినదే చెప్పాలి గాని మనం నేర్పినది చెప్పకూడదు. మెట్లు అసలే లేకపోతే మనిషి కష్టపడి లెక్కిస్తాడు. తప్పు మెట్లు ఉంటే లెక్కించడం మానివేసి నమ్ముతాడు. నా కాగితం చేసిన పని అదే.

ఇక యంత్రం ఎక్కడ విరవాలో ఎలా నిర్ణయిస్తుంది అని అడిగాను. అది వేసుకునే ప్రశ్న ఒక్కటేనట: ఈ బ్రాకెట్టు మొత్తం ఈ వరుసలో మిగిలిన చోటులో పడుతుందా? పడితే ఒకే వరుసలో వేస్తుంది. పడకపోతే ఆ స్థాయిలో విరిచి, లోపలి ఒక్కొక్క బ్రాకెట్టు దగ్గరా మళ్ళీ అదే ప్రశ్న. పైన చూడండి. పెద్దయ్య కుటుంబం చిన్నది, ఒక వరుసలో సరిపోయింది. నడిపయ్య కుటుంబం పట్టలేదు, విరిగింది. విరిగిన తరువాత సుబ్బయ్య సంసారం ఒక వరుసలో పట్టింది. మనం పెళ్ళి పందిట్లో బంతులు వేసేది ఇట్లాగే గదా! చుట్టాలంతా ఒక బంతిలో పడితే ఒక్క బంతి. పట్టకపోతే ఒక్కొక్క సంసారాన్ని ఒక్కొక్క బంతిలో కూర్చోబెడతాము. అంతే గాని తల్లిని ఈ బంతిలో, చంటిబిడ్డను ఆ బంతిలో కూర్చోబెట్టము.

వేల పేర్లున్న జాబితా అయితే ఇదంతా చూడడానికి ఎంత కాలం పడుతుందని నా సందేహం. డెరెక్ ఓపెన్ అనే ఆయన 1980లో ప్రకటించిన వ్యాసంలో దానికి జవాబు చెప్పాడు. జాబితా ఎంత పొడుగైనా సరే, ఒక వరుస వెడల్పు మేర ముందుకు చూస్తే చాలు. ఆ పాటికి పడుతుందో పడదో తేలిపోతుంది. మిగతాది చూడనక్కరలేదు. జాబితా రెండింతలైతే పని రెండింతలే అవుతుంది, పదింతలు కాదు. తరువాత రిచర్డ్ వాటర్స్ అనే ఆయన కట్టిన పద్ధతిని కామన్ లిస్ప్ అనే శాఖలో చేర్చుకుని, 1994లో వెలువడిన అమెరికా జాతీయ ప్రమాణంలో నిలబెట్టారు. మా అమ్మాయి వాడినది అదే.

విరవడంలోనూ తీరులు ఉన్నాయి. ఒక తీరులో, ఒకటి విరిస్తే ఆ స్థాయిలో ఉన్నవన్నీ విరవాలి, ఒక్కొక్కటి ఒక్కొక్క వరుస. ఇంకొక తీరులో, పట్టినన్ని పక్క పక్కన పట్టించి, పట్టనిది మాత్రం కింది వరుసకు దించాలి. పచారీ కొట్టు చీటీకి రెండవ తీరు చాలు, కాగితం ఆదా. వంశవృక్షానికి అది పనికిరాదు. యంత్రాన్ని దాని ఇష్టానికి వదిలితే రెండవ తీరునే నింపింది. అన్నదమ్ములలో కొందరు పక్కన, కొందరు కింద పడి గందరగోళమైంది. అందుకే అమ్మాయి మొదటి తీరు కావాలని ఆజ్ఞ ఇచ్చింది. ఏ సమాచారానికి ఏ తీరు తగునో చెప్పవలసినది మనిషే. మూసే బ్రాకెట్లను వరుస చివర గుత్తిగా పెడతారు, ఒక్కొక్క దానికి ఒక్కొక్క వరుస ఇవ్వరు. చదివేది మెట్లను బట్టి, బ్రాకెట్లు యంత్రం కోసం.

కుదించి చూపించడం కూడా దానికి తెలుసు. మూడు తరాలు చాలు అంటే, అంతకు లోపల ఉన్న ఒక్కొక్క బ్రాకెట్టుకు బదులు # అనే గుర్తు వేసి ఊరుకుంటుంది. బిడ్డలలో మొదటి కొందరే చాలు అంటే, మిగతా వారికి బదులు మూడు చుక్కలు పెడుతుంది. ముసలివారికి చూపించడానికి ఇది మహా బాగుంది. కాని ఇట్లా కుదించిన దానిని తిరిగి యంత్రానికి ఇస్తే అది చదవలేదు. గుమాస్తా భాషలో చెప్పాలంటే, నకలు వేరు, సారాంశం వేరు. సారాంశాన్ని నకలుగా దాచుకోకూడదు.

మన ఇళ్ళకు బాగా సరిపోయే విశేషం ఇంకొకటి ఉంది. మా వంశంలో మేనమామను చేసుకున్న ఆడపిల్లలు ఉన్నారు. అటువంటి మనిషి ఒక చోట కూతురు బ్రాకెట్టులో వస్తుంది, మరొక చోట మేనమామకు భార్యగా వస్తుంది, బిడ్డలు రెండు చోట్లా వస్తారు. అమాయకంగా వ్రాస్తే ఇద్దరు మనుష్యులు, రెండింతల బిడ్డలు! కామన్ లిస్ప్‌లో ఆ రెండు చోట్లా ఉన్నది ఒకే జాబితా అని మనం ముందే చెప్పి, ఆ ఏర్పాటును పని చేయిస్తే, మొదటి చోట #1= అని గుర్తు పెట్టి కథంతా వ్రాస్తుంది. రెండవ చోట #1# అని మాత్రం వ్రాస్తుంది. పైన చెప్పిన వ్యక్తియే అని మేము ఆఫీసు కాగితాలలో వ్రాసినట్లు.

తెలుగుతో మాత్రం ఒక చిక్కు వచ్చింది. వరుసలో ఎంత చోటు మిగిలిందో యంత్రం అక్షరాలు లెక్కించి తెలుసుకుంటుంది. లక్ష్మి అనే మాట మన కంటికి రెండు అక్షరాలు. యంత్రం లోపల అది ఏడు గుర్తులు: ల, క, పొల్లు, ష, మళ్ళీ పొల్లు, మ, గుడి. అంచేత పట్టవలసిన చోట కూడా పట్టదనుకుని ముందుగానే విరుస్తుంది. ఎడమ అంచున మెట్లు ఒట్టి ఖాళీలు గనుక వాటికి లోపం రాలేదు. కుడి అంచు కొంచెం ఎక్కువ ఇచ్చి సర్దుకున్నాము.

బ్రాకెట్లు అక్కరలేని భాషలూ ఉన్నాయి. 1991లో వెలువడిన పైథాన్‌లో మెట్టే చట్టం. ఏ వరుస ఎంత లోపలికి ఉన్నదో దానిని బట్టే అర్థం. అది తప్పు పద్ధతి అనను, లక్షల మంది దానితో పని చేస్తున్నారు. కాని అక్కడ మెట్టు జారితే అర్థమే మారుతుంది, సరిచూడడానికి వేరే గుర్తు ఉండదు. నా టైపు కాగితం అటువంటిదే.

ఒక సంగతి దాచకుండా చెప్పాలి. యంత్రానికి మన వంశం తెలియదు. తాతగారే ఆ రెండవ బ్రాకెట్టు మూయకుండా, గంగయ్యను సుబ్బయ్య లోపలనే వ్రాసి ఉంటే, ఆ తప్పును కూడా ఇంతే ముచ్చటగా అచ్చు వేసి ఉండేది. అది చూపేది వ్రాసినది ఏమిటో, జరిగినది ఏమిటో కాదు. జరిగినది వ్రాసిపెట్టిన పుణ్యం తాతగారిది.

మరుసటి ఆదివారం చిట్టా పుస్తకమూ, కొత్త ముద్రణా పట్టుకుని, అమ్మాయిని వెంటబెట్టుకుని సేలం వెళ్ళాను. అబ్బాయి తాతగారు మర్యాదగా కూర్చోబెట్టి, నేను చెప్పినదంతా విని, "నాకు తెలుగు అక్షరాలు రావు గదయ్యా" అన్నారు. పేర్లు మా అమ్మాయి చదివింది. పదకొండు పేజీలు కొట్టిన తరువాత ఆమెకు కూడబలుక్కునే అవసరం తీరిపోయింది సుమండీ! ఆయన కళ్ళజోడు సర్దుకుని, వేలు పెట్టి, తెరిచిన బ్రాకెట్టుకు ఒక వేలు మడిచి, మూసిన దానికి ఒక వేలు విప్పుతూ వచ్చారు. పేజీ చివర చెంచయ్య దగ్గర ఆగి, రెండు వేళ్ళు విప్పారు. పేజీ తిప్పి గంగయ్యను చూశారు. మళ్ళీ వెనక్కు తిప్పి మొదటి నుంచి లెక్క పెట్టారు.

"మీ తాత మూసిన దానిని నువ్వు తెరిచి ఉంచావు నాయనా" అన్నారు. అంతకంటే ఒక్క మాట ఎక్కువ అనలేదు. అని ఉంటేనే నాకు తేలికగా ఉండేది.

మాటలు మళ్ళీ మొదలైనాయి. ఇరువైపుల పెద్దలకూ సమ్మతమే. మా పిల్ల మాత్రం ఆలోచించుకోవడానికి కొంత గడువు అడిగింది. ఎనిమిది నెలలు విన్న మాటలు ఒక్క పూటలో మరిచిపొమ్మనడం న్యాయం కాదు గనుక, అడిగినంత గడువూ ఇచ్చాము.

వంశవృక్షాలు వ్రాసుకునే వారికి నా మనవి మూడు ముక్కలు. ఎవరు ఎవరి బిడ్డ అన్నది చెప్పే గుర్తు ఏదైనా సరే, బ్రాకెట్టు గాని అంకె గాని, అందం కోసం దానిని తీసివేయకండి. మెట్లు కట్టే పని ఆ గుర్తులను బట్టి యంత్రం చేత చేయించండి, యంత్రం లేకపోతే మీరు కట్టినదానిని మరొకరి చేత మూలంతో పోల్చి చూపించండి. కొత్తగా పుట్టిన వారిని చేర్చేటప్పుడు అందమైన నకలులో కాదు, మూలంలో చేర్చి మళ్ళీ అచ్చు తీయండి.

మా బంధువులందరి ఇళ్ళకూ కొత్త నకళ్ళు పంపాను. ఈసారి తమిళ లిపిలో ఒకటి, తెలుగులో ఒకటి, రెండింటిలోనూ బ్రాకెట్లు ఉన్నాయి. మూడేళ్ళ క్రిందట నేను పంపిన పాత కాగితం ఎవరి దగ్గరైనా ఉంటే దయచేసి చించివేయవలెను.

మిగతా సంగతులు పైనెల. అంతవరకు సెలవు.